వర్జిల్ కొట్టిన బంతి కెనడా వెళ్ళిన వైనం

నార్బీ ఊరి బేస్‌బాల్ జట్టు గురించి రెండు ముక్కలు ముందే చెప్పేయాలి, లేకపోతే ఆ శనివారం పొద్దున ఆర్విడ్ దాణా కొట్టులో జరిగింది ఎవరికీ బోధపడదు.

మిన్నెసోటాలో మే మొదటి వారం అంటే పేరుకి వసంతమే గానీ, సరస్సు మీద మంచు పలక ఇంకా కరగనంటూ మొండికేసి కూర్చుంటుంది. ఆ చలిలో బ్యాటుకి బంతి తగిలితే అరచేతుల్లోంచి భుజాల దాకా జివ్వుమని మంట పుడుతుంది. నార్బీ వాళ్ళకి ఆ బాధ లేదు. వాళ్ళ బ్యాటుకి బంతి తగిలితే కదా! సీజన్ మొదలై ఆరు ఆటలైంది, ఆరూ పోయాయి. మొత్తం తీసిన పరుగులు నాలుగు, చివరి మూడు ఆటల్లో గుండు సున్నా. జట్టు సగటు వయసు యాభై దాటింది. మొదటి బేస్‌లో నిలబడే ఆర్విడ్‌కి ఎడమ మోకాలు ఉక్కుది, వానొచ్చే ముందు అది వాతావరణ శాఖ కంటే ముందే చెబుతుంది. వికెట్ కీపర్‌లాగా వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే లియో కూర్చోవడం వరకూ బాగానే కూర్చుంటాడు, లేవాలంటే మాత్రం అంపైరు చెయ్యందించాలి. ఆటగాళ్ళు కూర్చునే షెడ్డులో నొప్పుల మందు ఘాటుకి అవతలి జట్టు వాళ్ళకి కళ్ళు నీళ్ళు తిరుగుతాయి.

మరి తీసేసి కుర్రవాళ్ళని పెట్టుకోవచ్చు కదా అంటారా? అక్కడే ఉంది తిరకాసు. నార్బీలో ఆటగాణ్ణి తీసేసే హక్కు మేనేజరుకి లేదు. షెడ్డు వెనక గోడకి మేకులున్నాయి, ఒక్కో మేకుకి ఒక జత పాత బూట్లు. ఇక చాలు అనుకున్నవాడు తన మేకు తనే కొట్టుకుని, తన బూట్లు తనే తగిలించుకోవాలి. ఇంకొకడు వాటి మీద చెయ్యి వెయ్యకూడదు. ఎనభై ఏళ్ళలో ముప్ఫై ఒక్క జతలు ఎక్కాయి ఆ గోడకి. చివరి జత ఎక్కి తొమ్మిదేళ్ళు దాటింది. ఆ తర్వాత ఎవరికీ చాలు అనిపించలేదు.

మేనేజరుగా ఉంటూనే జట్టులో తనూ ఆడే డ్వేన్‌కి బుధవారం నుంచీ కోటు జేబులో ఒక మేకు గుచ్చుకుంటోంది. ఆర్విడ్ కొట్లోనే కొన్నాడు. "ఒక్కటే చాలా?" అని ఆర్విడ్ అడిగితే "ఒక్కటి చాలు" అన్నాడు. ఆ మేకు వర్జిల్ కోసం.

వర్జిల్ హూబ్నర్ డ్వేన్‌కి స్వయానా భార్య అన్నగారు. యాభై రెండేళ్ళు. బ్యాటింగ్‌లో నాలుగోవాడిగా దిగుతాడు. నాలుగో స్థానమంటే జట్టులోకెల్లా గట్టిగా బాదేవాడిది, ముందున్న ముగ్గురు మైదానం చుట్టూ ఉన్న మూడు బేసుల మీదికి చేరితే, వాళ్ళందర్నీ మళ్ళీ బ్యాటు పట్టే చోటికి, అంటే ఇంటికి, చేర్చి పరుగులు తేవాల్సినవాడిది. ఇరవయ్యొక్కేళ్ళుగా ఆ చోటు వర్జిల్‌దే. ఈ సీజన్‌లో పంతొమ్మిది సార్లు బ్యాటు పట్టాడు, ఒక్కసారి కూడా దానికి బంతి తగల్లేదు. పోయిన వారం గాల్లోకి ఊపిన ఊపుకి తనే గుండ్రంగా తిరిగి కూలబడ్డాడు. ఊరికి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు కాలేజీ రోజుల్లో బాగా బాదినవాడట, ఆరు ఆటలుగా షెడ్డులో కూర్చుని అందరికీ మంచినీళ్ళు అందిస్తున్నాడు.

"ఇవాళ నువ్వు చెప్పకపోతే నేనే చెప్తా మా అన్నకి" అంది డ్వేన్ భార్య లోర్నా, పొద్దున గుడ్లు వేయిస్తూ. "నేను చెప్తే ఎలా ఉంటుందో తెలుసుగా."

తెలుసు. అందుకే డ్వేన్ చలిలో బయలుదేరి వచ్చాడు. వస్తూ వస్తూ మార్లిస్ పిన్నికి ఫోన్ చేసి, "పిన్నీ, మన స్కోరు పుస్తకాలు కాస్త పట్టుకొస్తావా? వర్జిల్ లెక్కలు కావాలి. ఉత్త నోటితో చెప్పడం నా వల్ల కాదు" అన్నాడు. మార్లిస్‌కి డెబ్భై నాలుగేళ్ళు. నలభై నాలుగేళ్ళుగా జట్టు స్కోరు రాసేదీ, మైదానంలో మైకు పట్టుకుని పేర్లు చదివేదీ ఆవిడే. సరేనంది. ఎందుకని అడగలేదు.

కొట్లో కాఫీ కుండ పక్కన అప్పటికే ముగ్గురూ చేరారు. దాణా బస్తాల మీద ఆర్విడ్, లియో. ఉన్న ఒక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని వర్జిల్. మార్లిస్ పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని, కోళ్ళ మేత తూకం వేసే బల్ల దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుంది. ఆట మధ్యాహ్నం రెండింటికి, క్లాన్సీ ఊరి వాళ్ళతో.

డ్వేన్ కప్పులో కాఫీ పోసుకుని గొంతు సవరించుకున్నాడు. "బావా, నీతో ఒక మాట..."

వర్జిల్ అతని మొహం కేసి ఒక్క చూపు చూశాడు. అంతే, గేటు తెరుచుకున్నట్టు నోరు తెరిచాడు.

"మాటంటే గుర్తొచ్చింది బావా, అచ్చం ఇలాంటి సీజనే, ఇరవయ్యారేళ్ళ కిందట! నువ్వప్పటికి మా ఇంటి అల్లుడివి కాలేదు, నీకు తెలీదు. అయిదు ఆటలు, పరుగు లేదు. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని చూస్తే రోడ్డు దాటి అటువైపు వెళ్ళిపోయేవారు. ఆరో ఆట ఇదే క్లాన్సీ వాళ్ళతో, ఇదే మైదానంలో. నేను గొప్పలు చెప్పే మనిషిని కాదు, మీకందరికీ తెలుసు..."

"తెలుసు తెలుసు" అన్నాడు లియో.

"అదీ. ఏదో గట్టిగా తగిలింది, కంచె దాటింది, గెలిచాం, అంతే. నేను దాన్ని పెద్దది చేసి ఏనాడైనా చెప్పానా?"

"ఏ కంచె?" అన్నాడు ఆర్విడ్. "ఇరవయ్యారేళ్ళ కిందట అక్కడ కంచె లేదు కదరా. తాడు కట్టి ఉండేది."

"తాడే! తాడు దాటడం ఎంతసేపూ! తాడెక్కడ, ఆ బంతెక్కడ! ముందు ఆ చలి చెప్తా వినండి. అంపైరు 'ఆట మొదలు' అని అరిస్తే ఆ మాట గాల్లో గడ్డకట్టి నాలుగో ఇన్నింగ్స్‌లో కరిగి వినపడింది. అలాంటి చలి. చలికి బ్యాటు చెక్క చచ్చిపోతుంది, ప్రాణం ఉండదు దాంట్లో. అందుకని నేనేం చేశానంటే, ముందు రోజే తీసుకెళ్ళి మా కోళ్ళ గూట్లో పొదుగుడు పెట్ట కింద పెట్టేశా. రాత్రంతా పొదిగింది. పొద్దున తీస్తే వెచ్చగా, లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు ఉంది."

"పిల్లలేమైనా లేచాయా?" అన్నాడు లియో.

"నవ్వకు. ఇంకో రెండు రోజులుంచితే లేచేవే. సరే, తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరిది. సున్నా సున్నా. ఇద్దరు ఔటు, మూడోవాడు పోతే మన వంతు అయిపోయినట్టే. మూడు బేసుల మీదా మనవాళ్ళు నిలబడి ఉన్నారు. నేను దిగా. వాళ్ళ బంతి విసిరేవాడు ఎలాంటివాడనుకున్నారు? విసిరితే బంతి కనపడదు, అది వెళ్ళిపోయాక దాని వెనక గాలి కనపడుతుంది. మొదటి బంతి వదిలేశా. రెండోది కూడా వదిలేశా, పాపం వాడికీ ఒక తల్లి ఉంటుంది కదా అని. మూడోది విసిరాడు. కొట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తాడు దాటింది" అన్నాడు ఆర్విడ్.

"దాటి, లూథరన్ చర్చి గోపురం మీంచి పోయింది! పోయిన విసురుకి గంట దానంతటదే మోగింది. గంట మోగేసరికి ఊళ్ళో ఆడవాళ్ళు, అయ్యో ఎవరో పోయినట్టున్నారే అని, పొయ్యి మీద ఉన్నవి ఉన్నట్టు బంగాళాదుంప కూర గిన్నెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేశారు. పాస్టరు కూడా చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ఎవరు పోయారండీ అంటే ఎవరూ చెప్పలేరు. తెచ్చిన కూరలు వెనక్కి ఎందుకులే అని అక్కడే కూర్చుని తిన్నారు."

ఆర్విడ్ ఉక్కు మోకాలి మీద చెయ్యి చరిచి నవ్వాడు. డ్వేన్ నవ్వలేకపోయాడు. జేబులో మేకుని వేళ్ళతో అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఇదిగో ఈ బంతి కింద పడగానే చెప్పేస్తా అనుకున్నాడు. బంతి పడితేగా.

"చర్చి దాటి సరస్సు మీదికి పోయింది. మంచు ఇంకా గట్టిగానే ఉంది. ఆ ఏడు మంచు ఏ రోజు పగులుతుందా అని ఊరంతా పందేలు కాసిందా లేదా? ఎప్పుడు పగిలింది? నా బంతి పడ్డప్పుడు! ఒక్క దెబ్బకి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, పెంకు పగిలినట్టు! పందెం ఎవరు గెలిచారు? లియో, మీ నాన్న గెలవలేదూ?"

"మా నాన్న గెలిచిన మాట నిజమే" అన్నాడు లియో ఇరుకున పడి. "కానీ అది ఏప్రిల్‌లో..."

"చూశారా, గెలిచాడు! మంచు కింది చేపలు ఆ దెబ్బకి స్పృహ తప్పి వెల్లకిలా తేలాయి. ఊళ్ళో వాళ్ళు బకెట్లు పట్టుకుని ఏరుకున్నారు. మరి బంతి? మంచు మీద పడ్డ బంతి ఆగుతుందా? ఎగిరింది పైకి. సరిగ్గా అప్పుడే దక్షిణాన్నించి బాతుల గుంపు వస్తోంది. వాటి ముందు బాతు అలిసిపోయి వెనక్కి వెళ్తున్న సమయం. ఎవరు ముందు నడుస్తారా అని చూస్తున్నాయి. తెల్లగా గుండ్రంగా ఉన్న నా బంతి వెళ్ళి వాటి ముందు చేరింది. కొత్త నాయకుడొచ్చాడనుకుని అన్నీ దాని వెనక వరసకట్టాయి. అలా అలా కెనడా సరిహద్దు దాకా పోయాయి."

"అక్కడ కాగితాలు అడగలేదా?" అన్నాడు ఆర్విడ్.

"అడక్కుండా ఉంటారా! బాతులకి కాగితాలు అక్కర్లేదన్నారు, బంతిని మాత్రం పక్కకి తీసి నిలబెట్టారు. ఎక్కడ పుట్టావ్, ఎందుకొచ్చావ్, ఎన్నాళ్ళుంటావ్... అరగంట పట్టింది. ఇక్కడ క్లాన్సీ వాడొకడు, ఎడమ పక్క కాపలా ఉండేవాడు, పట్టుదల గల మనిషి, బంతి వెనక పరిగెత్తుతూనే ఉన్నాడు. అలిసిపోయి బస్సెక్కాడు. వెనక్కి రాలేదు. అక్కడే ఒక పిల్లని చేసుకుని స్థిరపడ్డాడు. ప్రతి క్రిస్మస్‌కీ నాకు కార్డు రాస్తాడు, 'ఇంకా వెతుకుతున్నాను' అని."

"నువ్వు పరిగెత్తావా లేదా ఈలోగా?" అన్నాడు ఆర్విడ్.

"అక్కడికే వస్తున్నా! బంతి వెనక్కి రాలేదు. రానంతసేపూ నేను పరిగెత్తొచ్చు కదా? ఒక చుట్టు తిరిగొచ్చా. అంపైరు కేసి చూశా. ఆయన ఆకాశం కేసి చూస్తూ, 'బంతి సంగతి తేలేదాకా నేనేం చెప్పలేను, కానివ్వు' అన్నాడు. ఇంకో చుట్టు. ఇంకో చుట్టు. అయిదో చుట్టుకి మూడో బేస్ దగ్గర మా అమ్మ కాఫీ పట్టుకుని నిలబడింది, ఆగకుండానే తాగేశా. తొమ్మిదో చుట్టుకి పుల్లటి రేవల్చిన్ని కాడల తీపి రొట్టె..."

"మొదటి చుట్టుతోనే ఆట అయిపోయింది కదరా" అన్నాడు లియో. "గెలిచాక ఇంకా ఎందుకు పరిగెత్తడం?"

"గెలవడానికా నేను పరిగెత్తింది? అయిదు ఆటల బాకీ తీర్చడానికి! పద్నాలుగు చుట్లు! క్లాన్సీ వాళ్ళు టోపీలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. నమ్మకం లేకపోతే అడగండి, మార్లిస్ పిన్ని ఇక్కడే ఉందిగా! ఆ రోజు స్కోరు పుస్తకంలో పేజీలు చాలక, బడికి మనిషిని పంపి పిల్లల నోట్‌బుక్కులు తెప్పించుకుంది. ఏం పిన్నీ?"

అందరూ ముక్కాలి పీట కేసి తిరిగారు. మార్లిస్ కప్పు కింద పెట్టింది. సంచీలోంచి అంచులు నలిగిన ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పింది.

"పేజీలు చాలాయి నాయనా" అంది. "ఒక్క గడి చాలింది."

వర్జిల్ కాలు మీది కాలు దించాడు. "ఇప్పుడు ఆ పాత పుస్తకాలెందుకులే పిన్నీ, కళ్ళు నొప్పి..."

"నా కళ్ళు బాగానే ఉన్నాయి. మే తొమ్మిది. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔటు, మూడు బేసుల మీదా మనవాళ్ళు. అంతవరకూ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. హూబ్నర్ దిగాడు. మొదటి బంతి..." ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "మొదటి బంతి ఒంటికి తగిలింది. ఉచితంగా మొదటి బేస్. అందరూ ఒక్కో బేస్ జరిగారు, మూడో బేస్ మీదవాడు నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఒక పరుగు. నార్బీ గెలుపు. పక్కన చిన్న అక్షరాలతో నేనే రాసుకున్నా: 'వెనక భాగం మీద. అప్పుడతను జనం వైపు తిరిగి, బంతిని ఎక్కడికి కొడతాడో చెబుతున్నాడు.'"

 లియో బస్తా మీంచి జారి కింద కూలబడ్డాడు. ఆర్విడ్ అతన్ని లేపబోయి, నవ్వు ఆపుకోలేక తనూ అక్కడే కూర్చున్నాడు. "కెనడా! ఒరేయ్, బంతి కెనడా కాదురా వెళ్ళింది..." అంటూ ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

డ్వేన్ మాత్రం వర్జిల్ చెవులు చూస్తున్నాడు. అవి ఎర్రబడి, మెడ దాకా పాకింది ఆ ఎరుపు. వర్జిల్ నోరు తెరిచాడు, మూశాడు. ఇన్నేళ్ళలో ఈ మనిషికి మాట దొరక్కపోవడం డ్వేన్ చూడటం ఇదే మొదటిసారి. చాలా జాలేసింది.

"నీ జేబులో మేకుందని నాకు బుధవారమే తెలుసు బావా" అన్నాడు వర్జిల్ చివరికి, చిన్న గొంతుతో. "ఆర్విడ్ చెప్పాడు."

ఆర్విడ్ నవ్వడం ఆపి కాఫీ కప్పులోకి చూసుకున్నాడు.

"కొట్టేస్తాలే. ఇవాళే కొట్టేస్తా. కానీ ఒక్కటి చెప్పు. ఆ గోడకి బూట్లు తగిలించినవాళ్ళలో ఒక్కడైనా మళ్ళీ ఆటకొచ్చాడా? మా నాన్న తగిలించాడు. ఆ తర్వాత ఆట ఉన్న రోజున ఇంట్లో తలుపులేసుకుని కూర్చునేవాడు. మైకు వినపడకుండా రేడియో పెద్దగా పెట్టుకునేవాడు. నాకది భయం బావా. ఆటలో ఔటైతే భయం లేదు. శనివారం మధ్యాహ్నం నేనేం చెయ్యను?"

డ్వేన్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. 

"నేనింకా చదవడం ముగించలేదు" అంది మార్లిస్. సంచీలోంచి ఇంకో పుస్తకం తీసింది, ఈ సీజన్‌ది. "వర్జిల్ హూబ్నర్. ఈ ఊరి తరఫున ఆడినన్నాళ్ళలో కంచె దాటించినవి నాలుగు. ఒంటికి తగిలించుకున్నవి అరవై ఒకటి. ఈ లీగ్‌లో ఇంకెవడికీ అందులో సగం లేవు. ఈ సీజన్ ఆరు ఆటల్లో మనవాళ్ళు బేస్ మీదికి చేరింది పదిహేడు సార్లు. అందులో అయిదు సార్లు చేరింది వర్జిల్. బ్యాటుతో కాదు, ఒళ్ళప్పగించి. కుదురుగా నిలబడడు, మాట్లాడుతూనే ఉంటాడు, బంతి వస్తోందని చూసుకోడు. ఆ లెక్కన ఈ జట్టులో బేస్ మీదికి ఎక్కువసార్లు చేరింది ఇతనే."

లియో నేల మీంచి తల పైకెత్తాడు. "నిజమేనా?"

"నా పుస్తకం నీకెప్పుడైనా అబద్ధం చెప్పిందా?"

డ్వేన్ జేబులోంచి మేకుకి బదులు జాబితా కార్డు తీశాడు. తొమ్మిది గీతలు, తొమ్మిది పేర్లు. నాలుగో గీత మీద వర్జిల్ పేరు కొట్టేసి పశువుల డాక్టరు పేరు రాశాడు. వర్జిల్ కళ్ళు మూసుకున్నాడు. డ్వేన్ అందరికంటే పైనున్న మొదటి గీత మీద ఆర్విడ్ పేరు కిందికి జరిపి, అక్కడ వర్జిల్ పేరు రాశాడు. ఆట మొదలుపెట్టేవాడికి కావాల్సింది ఒక్కటే, ఏదో ఒక దారిన బేస్ మీదికి చేరడం.

"బావా, ఇకనుంచి నువ్వు మొదట దిగుతావు. దగ్గరగా నిలబడు. నోరు మూసుకోవద్దు" అన్నాడు.

వర్జిల్ కార్డు లాక్కుని చదివాడు. రెండోసారి చదివాడు. "పది పేర్లున్నాయి బావా."

డ్వేన్ లెక్కపెట్టుకున్నాడు. పదే. డాక్టరు వస్తే ఒకడు పోవాలి. ఎవడు? అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. ఆర్విడ్ వెంటనే మోకాలు నిమురుకోవడం మానేశాడు. లియో ఎవరి సాయం లేకుండా చెంగున లేచి నిలబడ్డాడు, చాలా ఏళ్ళ తర్వాత.

"నీది కూడా చదవమంటావా డ్వేన్?" అంది మార్లిస్. గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు.

"నాదా? నాదెందుకు పిన్నీ? నాకు నలభై ఆరేగా, మీ అందర్లోకీ..."

"చిన్నవాడివే. ఇరవయ్యొక్క సార్లు దిగావు. తగిలింది ఒక్కటి. ఆ ఒక్కటీ నిజానికి అవతలివాడు చేతిలోంచి జారవిడిచాడు, లోర్నా మొహం చూసి నేనే జాలిపడి నీ ఖాతాలో రాశా. ఇక ఒంటికి తగిలినవి..." ఆవిడ పేజీ తిప్పింది, వెనక్కి తిప్పింది. "లేవు. బంతి నీకేసి వస్తే నువ్వు పక్కకి గెంతుతావు నాయనా."

ఇప్పుడు నవ్వినవాడు వర్జిల్ ఒక్కడే. అదీ చప్పున ఆపేశాడు. డ్వేన్‌కి ముందు ఒళ్ళు మండిపోయింది, ఆ వెంటనే సిగ్గేసింది. మూడు రోజులు మేకు జేబులో వేసుకు తిరిగాడు, ఇప్పుడు ముసలాళ్ళందరి మొహాలూ చూసి ఎవణ్ణి తీసెయ్యాలా అని లెక్కలేశాడు, ఆ లెక్కలో ఒక్కసారైనా తన పేరు వేసుకోలేదు.

"ఈ ఏడు పోనీలే బావా" అన్నాడు వర్జిల్ మెల్లగా. "నేనేమైనా అనుకుంటానా? డాక్టరు ఇంకో ఏడు నీళ్ళందిస్తాడు."

"ఆర్విడ్, సుత్తి ఉందా?" అన్నాడు డ్వేన్.

ఒంటిగంటన్నరకి మైదానంలో సన్నగా తుంపర పడి ఆగింది. షెడ్డు వెనక గోడకి, వర్జిల్ వాళ్ళ నాన్న బూట్ల పక్కనే ఖాళీ ఉంటే అక్కడ డ్వేన్ మేకు కొట్టాడు. రెండు దెబ్బలకి వంగింది, సరిచేసి మళ్ళీ కొట్టాడు. తన బూట్ల లేసులు తనే ముడేసి తగిలించాడు. ముప్ఫై రెండో జత.  ఏడుపొచ్చింది అతనికి, దాచుకోలేదు. తర్వాత రబ్బరు బూట్లు తొడుక్కుని, ఇంటికి పోకుండా, కార్డు చేత్తో పట్టుకుని ఎప్పట్లాగే షెడ్డు ముందు మేనేజరు నిలబడే చోట నిలబడ్డాడు. బూట్లు తగిలించాక ఆ మైదానంలో నిలబడిన మొదటివాడు అతనే. వర్జిల్ ఆ గోడనీ, ఇతన్నీ మార్చి మార్చి చూశాడు. అతని మొహంలో ఏదో తేలికపడటం డ్వేన్‌కి కనపడింది.

అంతలోనే వర్జిల్ పశువుల డాక్టరు భుజం మీద చెయ్యేసి మొదలుపెట్టేశాడు. "డాక్టరుగారూ, చూశారా మా బావ కొట్టిన మేకు? ఎంతుంటుందనుకున్నారు? మూరెడు! గోడలో దిగి అవతలికొచ్చింది! చర్చిలో పాస్టరుగారు తన టోపీ దానికే తగిలించుకున్నారట..."

క్లాన్సీ వాళ్ళు మొదట దిగి సున్నాతో వెనక్కొచ్చారు. మైకు గరగరమంది. "నార్బీ తరఫున మొదటగా, వర్జిల్ హూబ్నర్" అంది మార్లిస్ గొంతు. మొదటగా అన్న మాట విని జనంలో గుసగుస లేచింది. వర్జిల్ బ్యాటు భుజాన వేసుకుని వెళ్ళి, గీతకి అంటుకుని నిలబడి, అలవాటు కొద్దీ తల జనం వైపు తిప్పి, "ఇదిగో, ఇప్పుడు దీన్ని సరస్సు అవతలికి..." అన్నాడు.

బంతి వచ్చి తొడ మీద తగిలింది. దప్పుమన్న చప్పుడు షెడ్డు దాకా వినపడింది. డ్వేన్ గెంతాడు, ఈసారి పక్కకి కాదు, పైకి. వర్జిల్ ఒంటికాలి మీద కుంటుతూ మొదటి బేస్ చేరి, చేతులు రెండూ పైకెత్తి, మైకు గది కేసి తిరిగి అరిచాడు.

"పిన్నీ, రాసుకో! గంటకి రెండొందల మైళ్ళ వేగం! నా తొడకి తగిలి బంతి రెండు ముక్కలైపోయింది!"

అంపైరు కింద పడ్డ బంతిని తీసి, తుడిచి, గది వైపు ఎత్తి చూపించాడు. మైకు మళ్ళీ గరగరమంది.

"బంతికేం కాలేదు" అంది మార్లిస్. "హూబ్నర్, మొదటి బేస్. అరవై రెండు."